అమెరికా న్యాయస్థానములలో తెలుగునాటి ఔషధ వ్యాజ్యములు

కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలయందును, మండికల్ పరిసర గ్రామములయందును తెలుగు తరతరములుగా ఇంటిభాషగా నిలిచియున్నది. ఈ సీమ పూర్వము కోలారు జిల్లాలో చేరియుండి, 2007వ సంవత్సరమున చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. ఇచ్చటి రైతునకు ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, పై కోర్టులో ఇంగ్లీషు. పొలముగట్టు తగవైనను సరే, తన పక్షమును పరుల భాషలో చెప్పించుకొనవలసినదే. పత్రములోని ఒక్క మాటకు వకీలు ఒక అర్థము చెప్పగా, ఎదుటి వకీలు వేరొక అర్థము చెప్పును. ఆ మాటపైననే పొలము నిలుచుటయో పోవుటయో జరుగును.

ఈ సీమమీదుగానే బెంగుళూరు-హైదరాబాదు రహదారి పోవుచున్నది. ఆ రహదారి చేరుకొను హైదరాబాదు నగరమున గడచిన అర్ధశతాబ్దిలో గొప్ప ఔషధపరిశ్రమ పెరిగినది. ఆ పరిశ్రమ నెలకొల్పినవారిలో పెక్కురు తెలుగువారు. వారును ఇట్టి అనుభవమునే మిక్కిలి పెద్ద తగవులలో చవిచూచిరి. వారి వ్యాజ్యములు నడచినది అమెరికా సంయుక్త రాష్ట్రముల న్యాయస్థానములలో. పేటెంటు హక్కులను గూర్చి కొన్ని, మందులోని దోషమునకు బాధ్యతను గూర్చి కొన్ని. వానియందును ఒక్కొక్క మాటపైననే కోట్ల డాలర్లు ఆధారపడియుండెను. డాలర్లకంటె ముఖ్యముగా, రోగి మందును ఏ ధరకు కొనవలెను, ఆ మందు ఎంత శుద్ధమైనదై యుండవలెను అను రెండు ప్రశ్నలు వానిలో తేలవలసియుండెను. ఆ రెండు ప్రశ్నలకును గల సంబంధమును నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. పేటెంటు: ఒక ఒడంబడిక

పేటెంటు అనగా రాజ్యమునకును, కనుగొన్నవానికిని నడుమ జరుగు ఒడంబడిక. కనుగొన్నవాడు తన కొత్త వస్తువుయొక్క రహస్యమును లోకమునకు వ్రాతమూలముగ వెల్లడింపవలెను. అందులకు ప్రతిఫలముగ, నియమితకాలము ఇతరులెవ్వరును ఆ వస్తువును చేయరాదని రాజ్యము శాసించును. గడువు తీరినపిమ్మట అది అందరి సొత్తు. ఈ ఒడంబడికలో రెండు పక్షములే కానవచ్చును గాని, నిజమునకు మూడవ పక్షము కూడ కలదు. అది మందు కొనవలసిన రోగి. గడువు ఎంత నిడివి కలదైన రోగికి అంత భారము. అసలే గడువు లేనిచో కొత్తమందుకై ధనమును, శ్రమను వెచ్చించువారు అరుదు. పేటెంటు చట్టముల చరిత్ర అంతయు ఈ రెంటి నడుమ తూకము కుదుర్చుటకై జరిగిన ప్రయత్నమే.

భారతదేశమున ఆంగ్లప్రభుత్వము చేసిన 1911వ సంవత్సరపు పేటెంట్లు, డిజైనుల చట్టము స్వాతంత్ర్యానంతరము కూడ చిరకాలము అమలులో నుండెను. న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక ఆ చట్టమువలన ఎవరికి లాభము కలిగినదో పరిశోధించినది. దేశమునగల పేటెంట్లలో నూటికి 80 నుండి 90 వరకు విదేశీయులవే యనియు, వానిలో అధికభాగము ఈ దేశమున ఉత్పత్తికి వినియోగపడుటయే లేదనియు ఆ నివేదిక తేల్చినది. దాని ఫలితముగ 1970వ సంవత్సరపు పేటెంట్ల చట్టము పుట్టి, 1972 ఏప్రిలు 20వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఔషధపదార్థమునకు పేటెంటు లేదు. దానిని తయారుచేయు విధానమునకు మాత్రమే కలదు. ఆ విధానపు పేటెంటుకైనను ముద్ర వేసిన నాటినుండి 5 సంవత్సరములు గాని, పేటెంటు తేదీనుండి 7 సంవత్సరములు గాని, ఏది తక్కువైన అదియే గడువు. వేరొక దారిని అదే మందు చేయగల రసాయనశాస్త్రజ్ఞునకు ఈ చట్టము తలుపు తెరచినది.

2. హైదరాబాదున పరిశ్రమ పెరిగిన విధము

చట్టము తలుపు తెరచినంతమాత్రమున చాలదు. లోనికి పోగల పనివారు ఉండవలెను. హైదరాబాదునకు ఆ భాగ్యము కలిగినది. నిజాము రాజ్యకాలమున 1944లో ఆరంభమైన శాస్త్ర పరిశోధనాలయము 1956లో కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి అధీనమునకు వచ్చి, ప్రాంతీయ పరిశోధనాలయముగ పేరొందినది. 1961లో నెలకొల్పబడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను ప్రభుత్వసంస్థ సోవియట్ రష్యా సహాయముతో హైదరాబాదున రసాయనిక ఔషధముల కర్మాగారమును కట్టినది. వందలకొలది యువకులు అచ్చట పని నేర్చిరి.

వారిలో గుంటూరు జిల్లా తాడేపల్లి గ్రామమున జన్మించిన కల్లం అంజిరెడ్డి ఒకరు. పూనా నేషనల్ కెమికల్ లాబొరేటరీలో పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందిన ఆయన ఈ ప్రభుత్వ కర్మాగారమున ఉద్యోగించి, పిమ్మట స్వతంత్రముగ వ్యాపారమునకు దిగి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ స్థాపించెను. అంతకు ముందే 1981లో నన్నపనేని వెంకయ్యచౌదరి నాట్కో సంస్థను, అటుపిమ్మట 1993లో బండి పార్థసారథిరెడ్డి హెటిరో సంస్థను స్థాపించిరి. 1986లో పి.వి. రామప్రసాదరెడ్డి, కె. నిత్యానందరెడ్డి అను ఇరువురు అరబిందో సంస్థను ఆరంభించిరి. ఎం.ఎస్.ఎన్. సంస్థ 2003లో పుట్టినది. ఈ పేర్లన్నియు తరువాతి కాలమున అమెరికా న్యాయస్థానముల తీర్పులలోనికెక్కినవి.

3. అమెరికా చట్టము: వ్యాజ్యమునకే బహుమతి

డాక్టర్ రెడ్డీస్ సంస్థ పుట్టిన 1984వ సంవత్సరముననే అమెరికాలో ఒక విచిత్రమైన చట్టము వచ్చినది. సెనేటరు ఆరిన్ హాచ్, ప్రతినిధిసభ సభ్యుడు హెన్రీ వాక్స్‌మన్ అను ఇరువురి పేర్లమీదుగ దానిని హాచ్-వాక్స్‌మన్ చట్టమని వ్యవహరింతురు. అంతకుముందు, పేటెంటు గడువు తీరిన మందునైనను వేరొకరు చేసి అమ్మదలచినచో, చాలవరకు పరీక్షలన్నియు మొదటినుండి జరుపవలసియుండెను. కొత్త చట్టము ఆ బరువును తీసివేసి, మొదటి మందుతో తనమందు సమానమని ఋజువు చేసిన చాలునన్నది. అట్టి మందులకే జెనరిక్ మందులని పేరు. ఇందులకు ప్రతిగా, ప్రభుత్వ అనుమతికై నిరీక్షించుటలో మొదటి కంపెనీ పోగొట్టుకొన్న కాలమునకు పరిహారముగ పేటెంటు గడువును కొంత పొడిగించు అవకాశమును కల్పించినది.

ఈ చట్టములోని కీలకము దాని వ్యాజ్యక్రమమున నున్నది. మొదటి కంపెనీ తన మందునకు సంబంధించిన పేటెంట్లను ఆహార-ఔషధ పాలనసంస్థవద్ద నమోదు చేయవలెను. జెనరిక్ కంపెనీ ఆ పేటెంటు చెల్లదనియో, తన మందు దానిని అతిక్రమింపదనియో ధ్రువీకరించి దరఖాస్తు పెట్టవచ్చును. ఒక్క బిళ్ళయైనను అమ్మకపోయినను, ఆ దరఖాస్తునే చట్టము అతిక్రమణగ భావించును. వర్తమానము అందిన 45 దినములలో మొదటి కంపెనీ వ్యాజ్యము వేసినచో, జెనరిక్ మందునకు అనుమతి 30 నెలలపాటు నిలిచిపోవును. అయితే అందరికంటె ముందు ఇట్టి సవాలు చేసినవానికి, అనుమతి లభించిన పిదప 180 దినములు ఇతర జెనరిక్ కంపెనీలేవియు విపణిలోనికి రాకుండ ప్రత్యేకహక్కు లభించును. అనగా, చెల్లని పేటెంటును కోర్టులో పడగొట్టుటను ప్రజాహితకార్యముగ నెంచి, దానికి చట్టమే బహుమానము నిర్ణయించినదన్నమాట. లోకమున వ్యాజ్యము వలదని చెప్పు నీతులు పెక్కు గలవు. వ్యాజ్యమాడినవానికి బహుమతి నిచ్చు చట్టములు అరుదు.

4. మొదటి గెలుపు: 2001

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన ఎలీ లిల్లీ కంపెనీ మనోవ్యాకులతకు వాడు ఫ్లూఆక్సెటీన్ అను మందును ప్రోజాక్ అను పేర అమ్ముచుండెను. దానికి రెండు ముఖ్యమైన పేటెంట్లు. ఒకటి 2001 ఫిబ్రవరితోను, రెండవది 2003 డిసెంబరుతోను ముగియవలసియుండెను. బార్ అను అమెరికా జెనరిక్ కంపెనీ రెండవదానిని సవాలు చేసెను. పేటెంటు అప్పీళ్ళను విచారించుటకై 1982లో ఏర్పడిన ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానము 2000 ఆగస్టులో బార్ పక్షమున తీర్పు చెప్పి, పునర్విచారణానంతరము 2001 మే 30వ తేదీన తన హేతువులను సవరించి అదే ఫలితమును నిలిపెను. ఒకే కల్పనకు రెండు పేటెంట్లు తీసికొని గడువు పెంచుకొనరాదు అనునది ఆ తీర్పునకు మూలసూత్రము.

ఆ తీర్పుతో తెరచుకొన్న దారిని 2001 ఆగస్టులో బార్ కంపెనీ 20 మిల్లీగ్రాముల గుళికలను అమ్మకమునకు పెట్టగా, 40 మిల్లీగ్రాముల గుళికలకు 180 దినముల ప్రత్యేకహక్కు డాక్టర్ రెడ్డీస్ సంస్థకు దక్కినది. భారతీయ కంపెనీ ఒకటి అట్టి హక్కును పొందుట అదియే ప్రథమము. అదే సంవత్సరము ఏప్రిలులో ఆ సంస్థ వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్‌చేంజిలో నమోదైనవి. అప్పటినుండి హైదరాబాదు పరిశ్రమకు అమెరికా న్యాయవాదము కూడ ఒక ఉత్పత్తిశాఖ వంటిదైనది.

5. లవణముపై నడచిన తగవు: 2002 నుండి 2007 వరకు

గెలుపుకంటె ఓటమి ఎక్కువ నేర్పును. రక్తపుపోటు తగ్గించుటకు వాడు ఆమ్లోడిపీన్ అను మందు నేడు మారుమూల గ్రామములయందును పరిచితమే. అమెరికాలో దానిని ఫైజర్ కంపెనీ నార్వాస్క్ అను పేర అమ్ముచుండెను. 1986 ఫిబ్రవరి 25వ తేదీన లభించిన పేటెంటు 2003 ఫిబ్రవరి 25వ తేదీన ముగియవలసినది. 1984 చట్టము ననుసరించి దానికి 1,252 దినముల పొడిగింపు లభించి, గడువు 2006 జూలై 31కి పోయినది. పిల్లలపై పరీక్షలు జరిపినందుకు మరి ఆరు నెలల రక్షణ చేరి, అది 2007 జనవరి 31 దాక సాగినది.

ఆమ్లోడిపీన్ వంటి క్షారద్రవ్యమును బిళ్ళగ చేయుటకు ఏదో ఒక ఆమ్లముతో కలిపి లవణముగ మార్చుట ఔషధశాస్త్రమున సాధారణము. ఫైజర్ అమ్మినది బెసిలేట్ లవణము. డాక్టర్ రెడ్డీస్ సంస్థ మలియేట్ అను వేరొక లవణమును చేసి దరఖాస్తు పెట్టినది. పొడిగించిన కాలమున పేటెంటు రక్షణ ప్రభుత్వము ఆమోదించిన ఉత్పత్తికే పరిమితమనియు, ఆమోదింపబడినది బెసిలేట్ లవణమే గనుక మలియేట్‌నకు ఆ రక్షణ అన్వయింపదనియు ఆ సంస్థ వాదము. ఫైజర్ వాదము వేరు: ఉత్పత్తి అనగా క్రియాశీలద్రవ్యమును, దాని లవణములన్నియు అని చట్టమే నిర్వచించినది; రోగిపై పనిచేయునది ఆమ్లోడిపీన్ గాని దానికి తోడైన ఆమ్లము కాదు.

న్యూజెర్సీలోని జిల్లా న్యాయస్థానము 2002 డిసెంబరులో డాక్టర్ రెడ్డీస్ వాదము నంగీకరించి ఫైజర్ వ్యాజ్యమును కొట్టివేసెను. అప్పటికి నార్వాస్క్ ఏటా వందలకోట్ల డాలర్ల విక్రయముగల మందు. హైదరాబాదు సంస్థకు అది గొప్ప ఆశ కల్పించిన తీర్పు. కాని 2004 ఫిబ్రవరి 27వ తేదీన ఫెడరల్ సర్క్యూట్ ఆ తీర్పును తిరుగవేసెను. న్యాయమూర్తి పాలీన్ న్యూమన్ వ్రాసిన ఆధిక్యతీర్పు ఫైజర్ నిర్వచనమును నిలుపగా, న్యాయమూర్తి మేయర్ విభేదించెను. ఇరువురికి ఒకరు చొప్పున అభిప్రాయము చీలిన ఆ తీర్పుతో మలియేట్ లవణపు ప్రయత్నము ముగిసెను.

ఇందు ఒక విశేషము కలదు. బెసిలేట్ లవణమునకు ఫైజర్‌వద్ద ప్రత్యేకముగ వేరొక పేటెంటు కూడ నుండెను. దానిని కెనడా దేశపు ఆపోటెక్స్ కంపెనీ సవాలు చేసెను. 2007 మార్చి 22వ తేదీన అదే ఫెడరల్ సర్క్యూట్, తెలిసిన క్షారద్రవ్యమునకు తెలిసిన ఆమ్లములలో ఒకదానిని ఎంచుకొనుట శాస్త్రజ్ఞునకు సహజముగ తోచు పనియే గనుక, ఆ పేటెంటులోని విచారణకు వచ్చిన అంశములు చెల్లవని తీర్పు చెప్పెను. డాక్టర్ రెడ్డీస్ పక్షమున లవణము మార్చుట వేరొక ఉత్పత్తి కాదన్నారు. ఫైజర్ పక్షమున లవణము నెన్నుకొనుట నూతనకల్పన కాదన్నారు. రెండు తీర్పులను కలిపి చదివినచో న్యాయస్థానము లవణమునకు ఎవరి చేతనున్నను పెద్దవిలువ నీయలేదని తేలును. మొదటి తీర్పు చదివి పక్షపాతమని తొందరపడినవారు రెండవదానిని కూడ చదువుట మేలు.

6. తీర్పులకెక్కిన హైదరాబాదు పేర్లు

అమెరికాలో ప్రసిద్ధమైన తీర్పులను వాది, ప్రతివాదుల పేర్లతో పిలుచుట ఆచారము. 2014 ఏప్రిలు 22వ తేదీన వెలువడిన గిలియడ్-నాట్కో తీర్పు అట్టిది. ఇన్‌ఫ్లుయెంజాకు వాడు ఓసెల్టమివిర్ అను మందుతో సంబంధించిన గిలియడ్ కంపెనీ పేటెంట్లు రెండు. వానిలో ఒకటి ముందుగ మంజూరై 2016 డిసెంబరులో ముగియును. రెండవది వెనుక మంజూరైనను 2015 ఫిబ్రవరిలోనే ముగియును. రెంటియందును కల్పన ఒకటే అని నాట్కో వాదించెను. ముందు పుట్టిన పేటెంటును వెనుక పుట్టినది ఎట్లు ఆటంకపరచునని గిలియడ్ ప్రశ్న. మంజూరైన తేదీ ప్రధానము కాదు, ముగియు తేదీయే ప్రధానమని ఫెడరల్ సర్క్యూట్ ఆధిక్యతీర్పు. ముందు ముగిసినదానితో ఆ కల్పన ప్రజల సొత్తగునని దాని సారాంశము. పిమ్మట ఇరుపక్షములు రాజీపడగా, నాట్కో తయారుచేసిన జెనరిక్ మందునకు 2016లో అనుమతి వచ్చి, ఆ సంవత్సరాంతమున అది విపణికి చేరినది.

పది సంవత్సరములకు ఆ సూత్రమునకు హద్దు గీసిన తీర్పులో కూడ హైదరాబాదు పేరే యున్నది. 2024 ఆగస్టు 13వ తేదీన వెలువడిన అలర్‌గన్-ఎం.ఎస్.ఎన్. తీర్పున, అన్నిటికంటె ముందు దరఖాస్తు చేయబడి, ముందు మంజూరైన మూలపేటెంటు, కార్యాలయపు ఆలస్యమునకు పరిహారముగ పొందిన అదనపు గడువు కారణముగ ఎక్కువకాలము నిలిచినను, దానిని తరువాతి పేటెంటు ఆధారముగ కొట్టివేయరాదని నిర్ణయింపబడెను. సూత్రమును స్థాపించిన వ్యాజ్యమొకటి, దానిని పరిమితము చేసిన వ్యాజ్యమొకటి, రెండును ఒకే నగరపు సంస్థలవి. అమెరికా న్యాయశాస్త్ర విద్యార్థులు పేటెంటు గడువును గూర్చి చదువునపుడు ఈ రెండు పేర్లను తప్పక పలుకవలసియున్నది.

గెలిచిన వ్యాజ్యములో కూడ కాలము పోగొట్టుకొనవచ్చునని సుబాక్సోన్ వ్యవహారము చూపినది. మత్తుమందుల వ్యసనమునుండి విడిపించుటకు నాలుకక్రింద ఉంచుకొను పలుచని పొర యది. 2018 జూన్ 14వ తేదీన డాక్టర్ రెడ్డీస్ సంస్థకు అనుమతి లభించినది. ఇండివియర్ కంపెనీ ప్రార్థనపై న్యూజెర్సీ న్యాయస్థానము అమ్మకమును నిలిపివేసెను. ఆ నిషేధాజ్ఞ నవంబరు 20వ తేదీన అప్పీలులో రద్దయినను, అమ్మకము తిరిగి 2019 ఫిబ్రవరిలో గాని సాగలేదు. తుదకు 2022లో ఇరుపక్షములు రాజీపడి, ఇండివియర్ 7 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. కంపెనీకి సొమ్ము తిరిగివచ్చినది. ఆ ఎనిమిది నెలలు హెచ్చుధర చెల్లించిన రోగులకు మాత్రము పోయినది తిరిగిరాదు.

7. మందులోని దోషమునకు బాధ్యత

ఇంతవరకు చెప్పినవి మందును చేయు హక్కునకై జరిగిన తగవులు. చేసిన మందు చెడ్డదైనచో ఎవరు బాధ్యులు అనునది రెండవ తగవు. పూర్వము అమెరికాలో కూడ, వస్తువును నేరుగ అమ్మినవానితోనే కొన్నవానికి ఒప్పందము గనుక, దూరముననున్న తయారీదారుపై దావా నడపుట కష్టముగ నుండెను. 1916లో న్యూయార్కు అప్పీలు న్యాయస్థానమున న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో ఒక మోటారుబండి చక్రము విరిగిన వ్యాజ్యమున ఆ అడ్డును తొలగించెను. 1963లో కాలిఫోర్నియా సుప్రీముకోర్టు ఇంకను ముందునకు పోయి, దోషముగల వస్తువును విపణికి పంపినవాడు అజాగ్రత్త నిరూపణ కాకున్నను బాధ్యుడే యని శాసించెను. ఈ సూత్రము క్రమముగ దేశమంతటను వ్యాపించినది.

జెనరిక్ కంపెనీలకు ఇందు ఒక రక్షణ దొరికినది. మందుపెట్టెపై ముద్రించు హెచ్చరిక మొదటి కంపెనీ హెచ్చరికకు అక్షరాల సమానముగ నుండవలెనని ఫెడరల్ నిబంధన. స్వతంత్రముగ మార్చు అధికారము లేనివానిని, హెచ్చరిక చాలలేదని ఎట్లు శిక్షింపగలమని అమెరికా సుప్రీముకోర్టు 2011 జూన్ 23వ తేదీన ప్లీవా వ్యాజ్యమున ప్రశ్నించి, 5-4 ఆధిక్యముతో జెనరిక్ కంపెనీలకు అనుకూలముగ చెప్పెను. 2013 జూన్ 24వ తేదీన మ్యూచువల్ వ్యాజ్యమున, మందుయొక్క నిర్మాణమే లోపభూయిష్టమను వాదమునకు కూడ అదే సమాధానము 5-4 ఆధిక్యముతోనే ఇచ్చెను. అంతకుముందు 2009లో వయెత్ వ్యాజ్యమున మొదటి కంపెనీలకు ఇట్టి రక్షణ లేదని అదే న్యాయస్థానము చెప్పియుండెను. కావున ఒకే మందును మొదటి కంపెనీనుండి కొన్న రోగికి దావా హక్కు కలదు. జెనరిక్ కొన్న రోగికి లేదు. చవుకకొరకు రోగి చెల్లించు అదృశ్యమైన వెల ఇది.

అయితే ఈ రక్షణ హెచ్చరికకును, నిర్మాణమునకును మాత్రమే. తయారీలో మలినము చేరినచో సమానత్వము అను కవచమే చెదరిపోవును. ఏలయన అప్పుడు ఆ మందు మొదటి మందుతో సమానము కాకపోవుటయే ఫిర్యాదు. వాల్సార్టన్ వ్యవహారము అట్టిది.

వాల్సార్టన్ కూడ రక్తపుపోటునకు వాడు మందే. 2018 జూలైలో చైనా దేశపు జెజియాంగ్ హువాహాయ్ కంపెనీ చేసిన సరకులో నైట్రోసమీన్ జాతికి చెందిన ఎన్.డి.ఎం.ఏ. అను మలినము కనబడి, అమెరికాలో వాపసు పిలుపులు ఆరంభమైనవి. అది మనుష్యులకు క్యాన్సరు కలిగింపవచ్చునని భావింపబడు పదార్థము. దినమునకు 96 నానోగ్రాములకు మించరాదని అమెరికా పాలనసంస్థ హద్దు పెట్టినది. నానోగ్రాము అనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. 2018 ఆగస్టులో హెటిరో తయారుచేసి కాంబర్ కంపెనీ అమ్మిన సరకును, ఆ సంవత్సరాంతమున అరబిందో సరకులో 80 లాట్లను వెనుకకు తీసికొనవలసివచ్చెను. రెండవదానిలో కనబడినది ఆ జాతిదే యైన ఎన్.డి.ఇ.ఏ. అను మలినము. కొన్ని తయారీవిధానములలో రసాయనచర్యవలననే ఇట్టి మలినము పుట్టుననియు, ఒకమారు వాడిన ద్రావకములను శుద్ధిచేసి మరల వాడుటవలన కూడ చేరుననియు తరువాతి పరిశోధనలో తెలిసినది.

2019 ఫిబ్రవరిలో దేశము నలుమూలలనుండి వచ్చిన దావాలన్నియు న్యూజెర్సీ ఫెడరల్ న్యాయస్థానమున న్యాయమూర్తి రాబర్ట్ కుగ్లర్ ఎదుట ఒకచోట చేర్చబడినవి. కొందరు వ్యాధి కలిగినదని, కొందరు చెల్లించిన వెల వ్యర్థమైనదని, కొందరు భావికాలపు వైద్యపరీక్షల ఖర్చు కావలెనని కోరిరి. 2023 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానము వాదులను వర్గములుగ గుర్తించినది. ఒక్కొక్క రోగి వ్యాధికి ఆ మలినమే కారణమా యనునది విజ్ఞానశాస్త్రమునకును కఠినమైన ప్రశ్న. దావా వేయబడినంతమాత్రమున దోషము ఋజువైనట్లు కాదు. అయినను ఒక విషయము నిర్వివాదము. పేటెంటు తగవులో ప్రతిపక్షి వేరొక కంపెనీ. ఇచ్చట ప్రతిపక్షి ఆ మందును నమ్మి మింగిన రోగి.

8. న్యాయస్థానపు ద్వారము ఎవరికి తెరువబడును?

ఈ సందర్భమున భోపాలును స్మరింపకుండ నుండుట సాధ్యము కాదు. 1984 డిసెంబరు 2-3 తేదీల నడిరేయి యూనియన్ కార్బైడ్ కర్మాగారపు విషవాయువు వేలకొలది ప్రాణములను బలిగొన్నది. భారతప్రభుత్వము బాధితులపక్షమున అమెరికాలోనే దావా నడపదలచి, తన దేశపు న్యాయవ్యవస్థకు అట్టి బృహద్వ్యాజ్యమును నడపు శక్తి చాలదని తానే వాదింపవలసిన దైన్యమునకు లోనయ్యెను. 1986 మే 12వ తేదీన న్యూయార్కులోని ఫెడరల్ న్యాయమూర్తి జాన్ కీనన్, ఈ వ్యాజ్యమునకు తగినచోటు భారతదేశమే యని ద్వారము మూసెను. 1989 ఫిబ్రవరిలో భారత సుప్రీముకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను.

హైదరాబాదు బిళ్ళ మింగిన అమెరికా రోగి తన ఊరి కోర్టులో దావా వేయవచ్చును. అమెరికా కంపెనీ కర్మాగారపు విషవాయువు పీల్చిన భోపాలు వాసి ఆ కంపెనీ దేశపు కోర్టు గడప దాటలేకపోయెను. ఈ వైషమ్యము న్యాయసూత్రములలో సమర్థింపదగినదే కావచ్చును. సామాన్యుని ధర్మబుద్ధికి మాత్రము అది రుచింపదు. దీనికి మందు అమెరికా రోగి హక్కును తగ్గించుట కాదు. మన రోగి హక్కును పెంచుట. అమెరికాకు పోవు బిళ్ళకు 96 నానోగ్రాముల హద్దు ఎంత అవసరమో, మండికల్ అంగడిలో దొరకు బిళ్ళకును అంతే అవసరము.

9. ఉపసంహారము

పైని చెప్పిన వ్యాజ్యములన్నిటిని ఒక్కచో నిలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. చవుకగ మందు చేయు హక్కును సంపాదించిపెట్టినది ఏ సమానత్వసూత్రమో, శుద్ధముగ మందు చేయు బాధ్యతను మోపినదియు ఆ సూత్రమే. నా మందు మొదటి మందుతో సమానమని దరఖాస్తులో వ్రాసిన వాక్యమే పేటెంటు వ్యాజ్యమున ఆయుధము. దోషవ్యాజ్యమున అదే సాక్ష్యము. ఒకచోట ఆ వాక్యమును ఋజువు చేయుట న్యాయవాది పని. రెండవచోట దానిని ఋజువు చేయవలసినవారు కర్మాగారమున రాత్రి పాళీలో ద్రావకపు పీపాను పరీక్షించు రసాయనజ్ఞులు.

2005 జనవరి 1వ తేదీనుండి భారతదేశము కూడ ఔషధపదార్థములకు పేటెంట్లు ఇచ్చుచున్నది. కావున 1970 చట్టము తెరచిన పాతతలుపు నేడు సగము మూసికొన్నది. ఇకమీద తెలుగునాటి పరిశ్రమ పరుల పేటెంట్లను సవాలు చేయుటతో పాటు, తన కల్పనలకు తానే పేటెంట్లు పొంది కాపాడుకొనవలసిన దినములు వచ్చినవి. నేడు వాదించిన హేతువులే రేపు తనపై తిరుగవచ్చునని లవణపు తగవు హెచ్చరించుచున్నది.

పొలముగట్టు తగవులో పత్రమును భద్రపరచిన రైతు గెలుచునని కోలారు సీమ పెద్దలెరుగుదురు. వేలమైళ్ళ దూరమున, పరభాషలో, పరచట్టమున జరిగిన ఈ పెద్ద తగవులలో కూడ గెలిపించినది మాటలయందలి జాగ్రత్త. ఓడించినది, ఓడింపగలది చేతలయందలి అజాగ్రత్త. హక్కునకై పోరాడిన తెగువ ఎంత కీర్తి తెచ్చినను, మందు పుచ్చుకొను రోగి నమ్మకము నిలిచిననే అది నిలుచును.